సెకండ్ హ్యాండ్ సెడాన్: తక్కువ తిరిగిన బండా, సర్వీస్ బిల్లులున్న బండా?

ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్ళతో కలిపి ఇంట్లో ఐదుగురు అన్నారు. బడ్జెట్ మధ్యస్థంగా ఉంది. మీరు చూసిన రెండు సెడాన్లలో మొదటిది 4 ఏళ్ళది, రీడింగ్ 30 వేల కిలోమీటర్లే, కానీ సర్వీస్ కాగితాలు ఏవీ లేవు. రెండోది 8 ఏళ్ళది, లక్ష దాటింది, ప్రతి సర్వీస్‌కీ బిల్లు ఉంది. రేటు దాదాపు ఒకటే. ఏది తీసుకోవాలని మీ ప్రశ్న.

నేనైతే రెండోదాన్ని ముందు చూస్తాను. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న సెడాన్ కూడా లక్ష దాటాక కొన్నదే. పాత ఓనరు ఆయిల్ ఎప్పుడు మార్చారు, బ్రేకు ప్యాడ్లు ఎప్పుడు వేయించారు అన్నీ తేదీలతో ఫైల్లో పెట్టి ఇచ్చారు. అందువల్ల ఏ పని ఎప్పుడు వస్తుందో ముందే తెలిసేది, డబ్బు సర్దుకునే వీలుండేది. ఆ తర్వాత చుట్టాలకి, స్నేహితులకి బండ్లు చూసిపెట్టడానికి వెళ్ళినప్పుడల్లా ముందు ఆ ఫైలే అడుగుతున్నాను. బయటి మెరుపు కంటే అదే నాకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

30 వేలు అనే అంకె చూడగానే మనసు లాగుతుంది. నిజమే అయినా ఒక ఇబ్బంది ఉంది. ప్రతిసారీ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నడిచి ఆగిపోయే బండిలో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, ఆయిల్లో తేమ, పెట్రోలు చేరుతూ ఉంటాయి. అది డీజిల్ బండి అయితే ఇంకా కష్టం. పొగలోని మసిని పట్టే ఫిల్టరు శుభ్రపడాలంటే పెద్ద రోడ్డు మీద కాసేపు వేగంగా నడవాలి. లేకపోతే పూడుకుపోతుంది, కొత్తది చాలా ఖరీదు. మీ తిరుగుడు ఎక్కువగా ఊళ్ళోనే అయితే పెట్రోలు బండే తీసుకోండి.

ఇక ఆ రీడింగ్ నిజమో కాదో చూడాలి. బ్రేకు, క్లచ్ పెడల్ మీది రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవరు సీటులో తలుపు వైపు అంచు చూడండి. 30 వేలకి అవి నున్నగా అరిగిపోవు. టైరు పక్కగోడ మీద 4 అంకెల తయారీ కోడ్ ఉంటుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారం అన్నమాట. 30 వేలే తిరిగిన బండికి మామూలుగా కంపెనీ వేసిన టైర్లే ఉండాలి. నాలుగూ బండి కంటే బాగా కొత్తవైతే ఎందుకు మార్చారో అడగండి. జవాబు తడబడితే నేను అక్కడితో ఆపేస్తాను.

రెండో బండిలో నా మొదటి ప్రశ్న టైమింగ్ బెల్ట్ గురించి, అంటే ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకదానికొకటి తగలకుండా జతగా నడిపించే పట్టీ గురించి. కొన్ని ఇంజిన్లకి బెల్ట్, కొన్నింటికి చెయిన్ ఉంటుంది. మెకానిక్‌ని అడిగితే ఆ మోడల్‌కి ఏది ఉందో చెప్తాడు. చాలా బెల్టుల గడువు లక్ష కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కిలోమీటర్లు కాకపోయినా ఏళ్ళ లెక్కన కూడా మార్చాలి. బెల్ట్ నడుస్తుండగా తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులకి తగిలి అవి వంగిపోతాయి, మొత్తం ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. లక్ష దాటిన బండిలో ఆ బిల్లు కనిపించకపోతే ఆ పని మీ మీదే పడుతుందనుకోండి.

బండి చూడటానికి వెళ్ళే ముందు ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. ఇది చాలా ముఖ్యం. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చాలా జబ్బులు చల్లటి ఇంజిన్‌లోనే బయటపడతాయి. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో గలగల చప్పుడు ఆగకుండా వస్తుందా, వెనక నీలం పొగ వస్తుందా చూడండి. నీలం పొగంటే ఇంజిన్ ఆయిల్‌ని కాలుస్తోందని. చల్లటి పొద్దున కాస్త తెల్లటి ఆవిరి మామూలే. ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో దట్టమైన తెల్లపొగ వస్తుంటే మాత్రం కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) లోపలికి కారుతోంది. స్టార్ట్ చేయకముందే ఆయిల్ మూత తీసి చూడండి, మజ్జిగలాంటి నురగ దట్టంగా ఉంటే కూడా అదే అనుమానం. ఆటోమేటిక్ అయితే చల్లగా ఉన్నప్పుడే డ్రైవ్ నుంచి రివర్స్‌కి మార్చి చూడండి. గట్టిగా కుదుపు వచ్చినా, గేరు పడటానికి ఆలస్యమైనా వద్దు, గేర్‌బాక్స్ రిపేరు మామూలు బడ్జెట్‌ని మింగేస్తుంది.

యాక్సిడెంట్ సంగతి పెయింట్ కంటే బోల్టులే బాగా చెప్తాయి. బానెట్ కీలు, ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) బోల్టుల మీద రంగు రేగి ఉంటే వాటిని ఎవరో విప్పారని అర్థం. నీళ్ళలో మునిగిన బండి అయితే సీటు బెల్టుని చివరిదాకా లాగితే మట్టి గీత కనిపించవచ్చు, డిక్కీలో స్టెప్నీ కింద తుప్పు, ఒండ్రు కనిపించవచ్చు. అలాంటిది ఎంత చవకైనా నేను ఒప్పుకోను. వైరింగ్ బాధలు ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటాయి.

పిల్లలున్న ఇల్లు కాబట్టి ఎయిర్‌బ్యాగుల గురించి తప్పకుండా చూడండి. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లోపాన్ని దాచడానికి లైటునే తీసేసి ఉండొచ్చు. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు పేలేటప్పుడు లోహపు ముక్కలు చిమ్మే ప్రమాదం ఉందని ప్రపంచమంతటా ఎన్నో కంపెనీల కార్లని వెనక్కి పిలిచారు. మీరు చూసే బండి 17 అక్షరాల ఛాసిస్ నంబరు తీసుకుని, ఇలా వెనక్కి పిలిచి చేసే రీకాల్ పని ఏదైనా మిగిలిందేమో కంపెనీ దగ్గర కనుక్కోండి. ఆ పని ఉచితంగానే చేస్తారు. చైల్డ్ సీటు వాడేట్లయితే వెనక దాన్ని బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి.

టెస్ట్ డ్రైవ్‌కి మీ పెద్దవాళ్ళని కూడా తీసుకెళ్ళండి. సెడాన్లు కాస్త కిందికి ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి దిగటం, లేవటం కష్టం. వెనక మధ్య సీటులో కూర్చునే మనిషి కాళ్ళ కింద గట్టు ఎంత ఎత్తుందో కూడా చూడండి, ఐదుగురు వెళ్ళే ఇంట్లో అది రోజూ తగిలే సమస్య.

మోడల్ విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. మీ ప్రాంతంలో విరివిగా అమ్ముడైన బండి అయితే స్పేర్లు, దాని గురించి తెలిసిన మెకానిక్‌లు సులువుగా దొరుకుతారు. ఎంత మంచి పేరున్న బండైనా సరిగ్గా చూసుకోకపోతే పాడవుతుంది కదా.

డబ్బంతా బండికే పెట్టేయకండి. పదో వంతైనా పక్కన ఉంచండి. నేను ఏ పాత బండి తీసుకున్నా రాగానే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకు ఆయిల్ మార్పిస్తాను. బేరం కుదిరే ముందు మీకు తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ ఎక్కించి కింద చూపించండి, స్కానర్ పెట్టించండి. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లని ఈమధ్యే చెరిపేసి ఉంటే అది కూడా చాలాసార్లు అందులో తెలుస్తుంది. బండి మీద లోను బాకీ లేదని కాగితం చేతికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఇవన్నీ దాటితే రెండోదే తీసుకోండి. టైమింగ్ బెల్ట్ బిల్లు లేకపోతే ఆ ఖర్చు ఎంతో మెకానిక్ చేత రాయించుకుని, ఆ కాగితం చూపించి అంత మేరకు తగ్గించమని అడగండి.