రేసు రాత్రి మూత్రం డికాషన్ రంగులో వచ్చిందా? తిమ్మిరి సంగతి తర్వాత, ముందు కిడ్నీలు

ప్రశ్న: నా వయసు 43. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా మౌంటెన్ బైకింగ్ చేస్తున్నాను, ఆదివారాలు అనంతగిరి అడవి దారుల్లో ప్రాక్టీస్. పన్నెండు రోజుల కిందట పడమటి కనుమల్లో ఒక ఆఫ్‌రోడ్ ట్రయాథ్లాన్ మొదటిసారి పూర్తి చేశాను. చెరువులో కిలోమీటరున్నర ఈత, 30 కిలోమీటర్ల మౌంటెన్ బైక్, 10 కిలోమీటర్ల కొండదారి పరుగు. మధ్యాహ్నం ఎండలో కూడా పరుగెత్తాల్సి వచ్చింది, మొత్తం ఆరు గంటలు పట్టింది. దిగుడులో పడి హెల్మెట్ పగిలింది, మోకాలు, మోచెయ్యి చెక్కుకుపోయాయి. అయినా లేచి, వాగు దాటి, పూర్తి చేశాను. మోకాలి నొప్పి ఇబ్బంది పెట్టకుండా స్టార్ట్‌కి ముందు ఒక డైక్లోఫెనాక్, సైకిల్ దిగాక ఒకటి, రాత్రి ఇంకొకటి వేసుకున్నాను. ఆ రాత్రి మూత్రం డికాషన్‌లా వచ్చింది, రెండో రోజుకి తగ్గింది. ఇప్పుడు సమస్య ఏంటంటే కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. గ్రిప్స్ మార్చాలా, హ్యాండిల్‌బార్ మార్చాలా? రెండు రోజులుగా కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు ఉన్నాయి. రేసు అలసట అనుకుని అదే మాత్ర వేసుకుంటున్నాను. బీపీకి రోజూ ఒక మాత్ర వాడతాను. మూడు వారాల్లో ఇంకో రేసు ఉంది. కడుపులో మంట రాని పెయిన్ కిల్లర్ చెప్పగలరా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీ ప్రశ్న చూడగానే పోర్టల్ వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. ఆ మాత్ర ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పించాను. 'వీకెండ్‌లో చేయించుకుంటాను సార్' అన్నారట. వీకెండ్ దాకా వద్దు. ఇది చదివేసరికి ఇంకా వెళ్లి ఉండకపోతే ఈ రోజే వెళ్లండి.

మీరు గ్రిప్స్ గురించి నాలుగు ముక్కలు వివరంగా అడిగారు. మూత్రం రంగు గురించి మాత్రం ఏదో దారిలో కనబడిన విషయంలా చెప్పి వదిలేశారు. నాకు టెన్షన్ పెట్టింది ఆ ఒక్క వాక్యమే. దాని పక్కనే జ్వరం, దాని పక్కనే బీపీ మాత్ర, అన్నిటి మీదా డైక్లోఫెనాక్.

గంటల తరబడి కొండ ఎక్కి దిగినప్పుడు, అందులోనూ బలంగా పడినప్పుడు, కండరాల కణాలు కొన్ని పగులుతాయి. వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ రక్తంలో కలిసి మూత్రంలోకి వస్తుంది. డికాషన్ రంగు, కూల్‌డ్రింక్ రంగు అని పేషెంట్లు చెప్పేది చాలాసార్లు దీన్నే. ఎక్కువ స్థాయిలో జరిగితే రాబ్డోమయోలైసిస్ అంటాం. ఈ ప్రోటీన్ కిడ్నీలోని సన్నని గొట్టాలకు హాని చేస్తుంది, అందులోనూ ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు. మీకు కచ్చితంగా అదే జరిగిందని నేను చూడకుండా చెప్పలేను. నీళ్లు బాగా తగ్గినా మూత్రం చిక్కబడి ముదురు రంగులో వస్తుంది, కిడ్నీకి దెబ్బ తగిలినా రక్తం వస్తుంది. కానీ ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణం అది. రంగు తగ్గిందంటే కిడ్నీకి ఏమీ కాలేదని అనుకోవడానికి లేదు.

ఇక ఆ మాత్ర. నా ఓపీలో రోజూ నేను మాట్లాడే విషయం ఇదే కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

ఎండలో ఆరు గంటలు చెమట పోతే ఒంట్లో నీరు తగ్గుతుంది. ఉన్న రక్తం ఎక్కువగా కాళ్ల కండరాలకు, చర్మానికి పోతుంది. కిడ్నీలకు వాటా తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ తనలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలతో తెరిచి పట్టుకుంటుంది. కష్టకాలంలో అది తనను తాను కాపాడుకునే పద్ధతి. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, అన్నీ నొప్పి తగ్గించేది ఈ ప్రోస్టాగ్లాండిన్లను ఆపే. మోకాలి దగ్గర ఆపి, కిడ్నీ దగ్గర వదిలేయడం ఏ మాత్రకూ చేతకాదు. ఇంట్లో కూర్చుని భోజనం చేసి రెండు రోజులు వేసుకుంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి సాధారణంగా తట్టుకుంటాడు. అదే మాత్రను స్టార్ట్ లైన్ దగ్గర వేసుకోవడం వేరు. కిడ్నీకి ప్రోస్టాగ్లాండిన్లు అన్నిటికంటే అవసరమయ్యే ఆరు గంటల్లోనే మీరు వాటిని తీసేశారు.

మీ బీపీ మాత్ర పేరు రాయలేదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటిదైతే అది కిడ్నీ నుంచి రక్తం బయటికి వెళ్లే వైపు నాళాన్ని వదులు చేస్తుంది. రోజూ అది మంచిదే. కానీ లోపలికి వచ్చే వైపు నొప్పి మాత్ర ఇరుకు చేసి, బయటికి వెళ్లే వైపు బీపీ మాత్ర వదులు చేస్తే, మధ్యలో వడపోతకు కావాల్సిన ఒత్తిడే ఉండదు. స్ట్రిప్పు మీద పేరు చివర 'హెచ్' అని ఉంటే అందులో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కూడా కలిసి ఉండొచ్చు. అప్పుడు ఇంకా జాగ్రత్త. అలాగని బీపీ మాత్రను మీ అంతట మీరు మానేయకండి. జ్వరం, నీరసం ఉన్న ఈ రోజుల్లో వాడాలో వద్దో మీ డాక్టర్ బీపీ చూసి చెప్తారు.

కడుపులో మంట రాని పెయిన్ కిల్లర్ అడిగారు. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర కలిపి వేసుకుంటే కడుపు కొంత నిలబడుతుంది, అందుకే చాలామంది ఆ కాంబినేషన్‌ను 'సేఫ్' అనుకుంటారు. కిడ్నీకి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. రేసు కోసం వేసుకునే పెయిన్ కిల్లర్ పేరు ఏదీ నేను చెప్పను. మాత్ర వేసుకుంటే తప్ప స్టార్ట్ చేయలేని మోకాలుంటే ఆ రోజు స్టార్ట్ చేయకూడదు. ఆ మోకాలిని నెల ముందే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించాలి.

డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. పశువులకు వేసిన ఇదే మందు, కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలను పాడుచేసి మన దేశంలో వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనిషి ఒళ్లు రాబందు ఒళ్లు కాదు, చాలా మెరుగ్గా తట్టుకుంటుంది, నిజమే. కానీ ఆ చిన్న తెల్ల మాత్రకు కిడ్నీతో ఉన్న సంబంధం ఎంత గట్టిదో మీకు గుర్తుండాలని చెప్తున్నాను. కొన్నేళ్ల కిందట మీ వయసు రన్నర్ ఒకరు, రెండు రోజులుగా మూత్రం సరిగ్గా రావడం లేదని వచ్చారు. జేబులో సగం అయిపోయిన స్ట్రిప్పు. మూడుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. కోలుకున్నారు, మళ్లీ పరుగెత్తుతున్నారు కూడా. ఆయన భార్య ఆ మూడు రోజులు డయాలసిస్ యూనిట్ బయట బెంచీ మీద కూర్చుని ఉండటం నాకింకా కళ్ల ముందుంది.

ఇప్పుడు జ్వరం. పన్నెండు రోజుల తర్వాత వచ్చే జ్వరాన్ని రేసు అలసట అనకండి. అలసటకు నాలుగైదు రోజులు ఒళ్లు నొప్పులుంటాయి, జ్వరం ఉండదు. మీరు చెరువులో ఈదారు, పడ్డాక తెరుచుకున్న గాయాలతో వాగు దాటారు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. వర్షాల తర్వాత కేరళలో ర్యాట్ ఫీవర్ అని వార్తల్లో చదివే ఉంటారు. చర్మం చెక్కుకుపోయిన చోటు నుంచి, కళ్లు, నోటి లోపలి పొరల నుంచి ఆ క్రిమి ఒంట్లోకి వెళ్తుంది. ఎక్కువమందిలో 5 నుంచి 14 రోజుల మధ్య జ్వరం మొదలవుతుంది. మీరు సరిగ్గా అక్కడే ఉన్నారు. ఈ ఆటకు ఇది కొత్త సంగతేం కాదు. 1998లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో చెరువులో ఈదిన ట్రయాథ్లాన్ క్రీడాకారుల్లో, 2000లో మలేషియాలోని సబాలో అడ్వెంచర్ రేసుకు వెళ్లినవాళ్లలో ఇది గుంపుగా వచ్చింది. పిక్కలు పట్టుకుంటే విపరీతమైన నొప్పి, పుసి లేకుండా కళ్లు ఎర్రబడటం, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గడం, దగ్గులో రక్తం... వీటిలో ఏదున్నా డాక్టర్‌కు ముందే చెప్పండి. ముదిరితే ఇదీ కిడ్నీల మీదికే వెళ్తుంది.

డెంగీని కూడా మరవకూడదు, మన ఊళ్లో జ్వరం అంటే అది చూడకుండా వదలం. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నప్పుడు ఈ నొప్పి మాత్రలు రక్తస్రావం ముప్పును పెంచుతాయి. జ్వరం ఎందుకో తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. ఇది చదివి మెడికల్ షాపులో డాక్సీసైక్లిన్ కొనుక్కోకండి. లెప్టోకు అది మంచి మందే, కానీ రక్తం తీయకముందే యాంటీబయాటిక్ వేసుకుంటే అసలు జబ్బేదో పట్టుకోవడం కష్టమవుతుంది.

జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. వెళ్లగానే ఈ నాలుగు మాటలు ఒకేసారి చెప్పండి: రేసు రాత్రి మూత్రం రంగు, వేసుకున్న మాత్రల లెక్క, చెరువులో ఈత, జ్వరం. 'ఫీవర్ సార్' అని ఒక్క ముక్క చెబితే వాళ్లు ఆ దారిలోనే వెళ్తారు. సాధారణంగా సీబీపీ (రక్త కణాల లెక్క), సీయూఈ (మూత్ర పరీక్ష), కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరియా, పొటాషియంతో సహా ఎలక్ట్రోలైట్స్ (రక్తంలోని లవణాలు), ఎల్ఎఫ్‌టీ (లివర్ పరీక్ష), డెంగీ, మలేరియా, లెప్టో పరీక్షలు రాస్తారు. ఏవి అవసరమో మిమ్మల్ని చూసినవాళ్లదే నిర్ణయం. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే కూడా అడుగుతారేమో. రేసులో పెరిగినదైతే ఈపాటికి చాలావరకు దిగిపోయి ఉంటుంది, కాబట్టి అది నార్మల్ అని రాగానే ఆ రాత్రి ఏమీ కాలేదని తేల్చేయకండి. ఇప్పుడు బాగా ఎక్కువుంటే మాత్రం ఈ జ్వరమే కారణం కావచ్చు, లెప్టోలోనూ కండరాలు దెబ్బతింటాయి. లెప్టో పరీక్ష మొదటి రోజుల్లో నెగెటివ్ రావడం కూడా మామూలే, లక్షణాలను బట్టి ముందే చికిత్స మొదలుపెట్టొచ్చు. ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి. మట్టి పడిన గాయానికి అయిదేళ్లు దాటితే మళ్లీ కావాలి.

వేళ్ల సంగతి. చిటికెన వేలు, ఉంగరం వేలు అన్నారు కాబట్టి అల్నార్ నరం అరచేతి మొదట్లో హ్యాండిల్ మీద నలుగుతూ ఉండొచ్చు. సైక్లిస్టుల్లో బాగా కనిపించేదే. కొన్ని వారాలు బైక్ మానేస్తే చాలామందికి తగ్గుతుంది. తర్వాత జెల్ ఉన్న గ్లోవ్స్, అరచేతికి ఆనుకునే వెడల్పు గ్రిప్స్, బరువంతా చేతుల మీద పడకుండా బైక్ ఫిట్టింగ్ సాయపడతాయి. వేళ్లలో బలం తగ్గినా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా ఆగకుండా నరాల పరీక్ష చేయించాలి. మోచెయ్యికి దెబ్బ తగిలిందన్నారు, అదే నరం మోచేతి దగ్గర కూడా వెళ్తుంది, అక్కడా చూడమనండి. అరచెయ్యి ఆనించి పడి ఉంటే, బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కినప్పుడు నొప్పి ఉందా? ఉంటే ఎక్స్‌రే. స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీస్తే బయటపడుతుంది. పగిలిన హెల్మెట్ ఇంకోసారి పెట్టుకోకండి. పడ్డ తర్వాత వాంతులు, మతిమరుపు, తగ్గని తలనొప్పి ఉన్నట్లైతే అదీ చెప్పండి.

మూడు వారాల్లో రేసు వద్దు. ఎంట్రీ ఫీజు పోయినా సరే. 43 ఏళ్ల వయసులో, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తూ, మీరు ఆ కొండలు దాటి వచ్చారు. అంత పట్టుదల ఉన్న మనిషిని ఆటలోంచి తీసేయాలని నాకు లేదు, ఇంకో ఇరవై ఏళ్లు మీరు అనంతగిరి ఎక్కాలనే నా కోరిక. జ్వరం పూర్తిగా పోయి, క్రియాటినిన్ మామూలుగా ఉండి, మూత్ర పరీక్ష శుభ్రంగా వచ్చాక మీ ఫిజీషియన్ సరే అంటే మెల్లగా మొదలుపెట్టండి.

అప్పుడు రేసుల్లో నీళ్ల విషయం గుర్తుంచుకోండి. దాహాన్ని బట్టి తాగండి. భయంతో లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లు తాగితే సోడియం పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు, నొప్పి మాత్రలు ఆ ముప్పును కూడా పెంచుతాయి. ఓఆర్ఎస్ అయితే ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే సరిగ్గా అన్ని నీళ్లలోనే కలపండి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి డ్రింకుల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మీ బ్యాగులో పాత డబ్బాలుంటే లేబుల్ చూడండి. మీ బీపీ సంగతి తేలేదాకా ఈ ఉప్పు నీళ్లు కూడా డాక్టర్‌ను అడిగే తాగండి.

చూడకుండా, పరీక్షించకుండా రాసిన జవాబు ఇది. ఇందులో ఏ మాటైనా మిమ్మల్ని చూసిన డాక్టర్ మాటకు తేడాగా ఉంటే వారి మాటే వినండి. బయట పేషెంట్లు ఉన్నారు, ఒక్కటి చెప్పి ఆపేస్తాను. ఈ రోజు మూత్రం మామూలు కంటే బాగా తగ్గినా, మళ్లీ రంగు మారినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా రిపోర్టుల కోసం ఎదురుచూడకండి, అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. రాత్రి ఎంతయినా సరే, ఇంట్లోవాళ్లను లేపి, మీరు డ్రైవ్ చేయకుండా, కిడ్నీ డాక్టర్ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆ స్ట్రిప్పు కూడా జేబులో పెట్టుకెళ్లి వాళ్లకు చూపించండి.