బంపర్ మార్చాక కారు అకారణంగా బ్రేక్ వేస్తుంటే, ముందు రాడార్ దిశను సరిచూడండి

ముందు బంపర్ మార్పించినప్పటి నుంచి ఎదురుగా ఏ వాహనమూ లేకపోయినా ఢీకొనే హెచ్చరిక మోగుతోందని, అంటే బంపర్ వెనుక ఉండి, రేడియో తరంగాలతో ముందున్న వాహనాలను పసిగట్టే రాడార్ సెన్సార్ పాడైనట్టేనా అని మీరు అడిగారు. సెన్సార్ బాగానే ఉండి, అది చూసే దిశ మాత్రమే తప్పి ఉండే అవకాశం ఎక్కువ. నాకు ఇదే జరిగింది.

నా కారు పార్కింగ్‌లో గోడకు తగిలి బంపర్ పగిలింది. మరమ్మతు తర్వాత డ్యాష్‌బోర్డుపై ఏ లోపమూ కనిపించలేదు. అయినా పక్క లేన్‌లో వెళ్తున్న లారీలకు రెండు సార్లు బ్రేక్ దానంతట అదే పడింది. అంతకంటే నన్ను భయపెట్టిన విషయం, నా లేన్‌లోనే ముందున్న కారు వేగం తగ్గించినప్పుడు హెచ్చరిక బాగా ఆలస్యంగా రావడం. మరో వర్క్‌షాప్‌లో చూపిస్తే, సెన్సార్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ కొద్దిగా వంగి, సెన్సార్ ఒక డిగ్రీకి పైగా పక్కకు తిరిగిందని తేలింది. ఒక డిగ్రీ అంటే చాలా స్వల్పం అనిపిస్తుంది గాని, 100 మీటర్ల దూరంలో అది దాదాపు 1.75 మీటర్ల తేడా అవుతుంది, 3.5 మీటర్ల లేన్‌లో అది సరిగ్గా సగం.

ఈ రాడార్లు ఎక్కువగా 77 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. పంపే తరంగం పౌనఃపున్యాన్ని నిరంతరం మారుస్తూ, తిరిగివచ్చిన దానితో పోల్చి దూరాన్ని, డాప్లర్ ప్రభావం (కదిలే వస్తువు నుంచి తిరిగివచ్చే తరంగం పౌనఃపున్యం మారడం) ద్వారా సాపేక్ష వేగాన్ని లెక్కిస్తాయి. ముందున్న వాహనం 40 మీటర్ల దూరంలో ఉండి, మధ్య దూరం గంటకు 72 కిలోమీటర్ల వేగంతో తగ్గిపోతుంటే, మిగిలింది రెండే సెకన్లు. ఈ లెక్కను రాడార్ చీకట్లోనూ పొగమంచులోనూ చక్కగా చేస్తుంది. దిశ విషయంలో మాత్రం దానికి అంత నేర్పు లేదు. కొన్ని యాంటెన్నాలకు ప్రతిధ్వని చేరడంలోని సూక్ష్మమైన తేడాను బట్టి కోణాన్ని అంచనా వేస్తుంది కనుక, తాను ఎటు తిరిగి ఉందో దానికి సరిగ్గా తెలిసి ఉండడం చాలా ముఖ్యం.

కాబట్టి క్యాలిబ్రేషన్, అంటే సెన్సార్ దిశను కొలిచి సరిచేయడం, చేయించండి. కొన్ని కార్లకు చదునైన నేలపై ప్రత్యేక రిఫ్లెక్టర్‌ను నిలబెట్టి చేస్తారు, మరికొన్నింటికి రోడ్డుపై నడుపుతూ చేస్తారు. అంతకుముందే సెన్సార్ ఎదుట ఉన్న బంపర్ భాగాన్ని పరిశీలించమనండి. తరంగదైర్ఘ్యం సుమారు 4 మిల్లీమీటర్లే గనుక, అక్కడ పూసిన పుట్టీ, మందమైన రెండో పూత, లోహపు రేణువులున్న రంగు కూడా తరంగాన్ని బలహీనపరచగలవు లేదా వంచగలవు. నా దృష్టిలో ఆ భాగంలో పుట్టీ పెట్టించడం కంటే కొత్త బంపర్ వేయించడమే మంచిది.

ఒక మాట ముందే తెలిసి ఉండాలి. దిశ సరిచేసినా, ఆగి ఉన్న వాహనాల విషయంలో పూర్తి భరోసా పెట్టుకోవద్దు. సూచిక బోర్డులు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనలు కూడా రాడార్‌కు నిశ్చలమైన ప్రతిధ్వనులుగానే అందుతాయి. ప్రతిదానికీ బ్రేక్ వేయకుండా ఉండేందుకు చాలా వ్యవస్థలు, ముఖ్యంగా అధిక వేగంలో, కెమెరా కూడా ధ్రువీకరిస్తే తప్ప వాటిని అంతగా లెక్కలోకి తీసుకోవు.

క్యాలిబ్రేషన్ పూర్తయ్యాక, సరిచేయక ముందు ఎంత కోణం తప్పిందో, ఇప్పుడు ఎంత ఉందో చూపే నివేదికను అడిగి తీసుకోండి. నా మొదటి వర్క్‌షాప్‌లో నేను అది అడగలేదు.