చెంబు ప్లాస్టిక్‌లా ఎందుకొస్తోంది?

ప్రశ్న: కంప్యూటర్‌లో బొమ్మలు వేసే క్రీటా సాఫ్ట్‌వేర్‌లో ఇత్తడి చెంబు బొమ్మ వేస్తున్నాను. పసుపు రంగు నింపి, ఎయిర్‌బ్రష్‌తో (అంచులు మెత్తగా కలిసిపోయే బ్రష్) నీడలు దిద్దితే ప్లాస్టిక్ చెంబులా ఉంటోంది. ఎక్కడ తప్పు జరుగుతోంది?

జవాబు: తప్పంతా ఆ ఎయిర్‌బ్రష్‌దే. వెలుగు నుంచి నీడకు మెల్లగా జారే రంగు ప్లాస్టిక్‌ది, మట్టిది. తోమిన లోహానికి సొంత నీడ దాదాపు ఉండదు, చుట్టూ ఉన్నదే అందులో కనిపిస్తుంది. అందుకే ముదురు పట్టీ పక్కనే లేత పట్టీ, మధ్యలో పదునైన అంచు ఉండాలి.

ముందు నలుపు తెలుపుల్లోనే వేయండి. గట్టి అంచున్న బ్రష్‌తో, 100 శాతం ఒపాసిటీతో (అడుగు రంగు కనబడనంత చిక్కగా) పట్టీలు గీయండి. చెంబు పొట్టమీద పైభాగంలో కిటికీ వెలుగు, కిందిభాగంలో నేల పడతాయి. మెడ దగ్గర మాత్రం ఇది తలకిందులవుతుంది: మూతి అంచు కింద నేల, మెడ మొదట్లో వెలుగు. చాలామంది ఇక్కడే పొరబడతారు. పక్క అంచులకు పోయేకొద్దీ పట్టీలు సన్నబడి, దగ్గరగా నొక్కుకుపోవాలి.

తర్వాత పై లేయర్‌లో (బొమ్మమీద పరిచే పారదర్శక పొర) రంగు. ముదురు చోట్ల నలుపు వద్దు, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు వేయండి. మెరుపు తెల్లగా కాక లేత పసుపుగా ఉంటేనే ఇత్తడి, తెల్లబడితే స్టీలు. కింది రంగును బాగా వెలిగించే కలర్ డాడ్జ్ లేయర్‌ను రెండు మూడు చుక్కలకే వాడండి, ఎక్కువైతే రంగు పాలిపోతుంది. చింతపండుతో ఎంత తోమినా మెడ మడతలో కాస్త నలుపు మిగులుతుంది, ఆ సన్నగీత మరవకండి.