మిగిలిన ఊలుతో పిల్లికి బంతి

ప్రశ్న: తలుపు తోరణం అల్లగా ఊలు కొద్దికొద్దిగా మిగిలింది. మా పిల్లి ఎప్పుడూ ఆ ఉండల వెంటే పడుతోంది. దానికో బంతి అల్లి ఇవ్వాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ ఉండలను పిల్లికి అందకుండా దాచండి. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన గట్టి ముళ్లుంటాయి. వాటికి చిక్కిన దారాన్ని ఉమ్మలేక మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కిందో కడుపులోనో పట్టుకుని, రెండోది పేగుల్లోకి పోతే పేగు ముడతలు పడుతుంది, దారం ఒరుసుకుని పేగు తెగుతుంది కూడా. అందుకే ఈ బంతికి అందం తర్వాత. ఒక్క కొసా బయటికి తేలకూడదు.

పది గ్రాముల ఊలు చాలు. మధ్యరకం లావు ఊలుకు మామూలుగా 4 మి.మీ. క్రోషియా సూది వాడతారు, దీనికి 3 మి.మీ.ది తీసుకోండి. అల్లిక వదులైతే పిల్లి గోరు సందుల్లో ఇరుక్కుంటుంది.

దారాన్ని వేలికి చుట్టి రింగు చేసి, అందులో 6 సింగిల్ కుట్లు (సూదిని దూర్చి దారం లాగి, సూది మీది రెండు పోగుల్లోంచి ఒకేసారి మళ్లీ దారం లాగేవి) వేసి కొస లాగి బిగించండి. రెండో వరుసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 12. మూడో వరుసలో ఒకటి మామూలుగా, తర్వాతి దాంట్లో రెండు, మొత్తం 18. నాలుగో వరుసలో రెండు మామూలుగా, మూడోదాంట్లో రెండు, మొత్తం 24. ఆపైన నాలుగు వరుసలు 24 చొప్పునే అల్లండి. వరుస చివర కలపకుండా చుట్టూ తిరుగుతూ పోతాం కాబట్టి మొదటి కుట్టుకు పిన్నీసు పెట్టుకోండి. లెక్క తప్పితే బంతి ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇక తగ్గించాలి. రెండు మామూలుగా అల్లి, తర్వాతి రెండింటిని కలిపి ఒకటి చేస్తే 18కి వస్తుంది. కలిపేటప్పుడు సూదిని రెండు కుట్ల ముందు పోగుల్లోంచే పోనిస్తే గుంటలు పడవు. ఇక్కడ పిన్నీసు తీసేసి లోపల నింపండి. విడి దూది, ఊలు తునకలు వద్దు, బంతి చిరిగితే అవన్నీ పిల్లి నోట్లోకే. పాత బనియన్ గుడ్డను గట్టిగా చుట్టి, ఒకే ఉండగా కుట్టి పెట్టండి. తర్వాత ఒకటి మామూలుగా అల్లి రెండు కలిపితే 12, ఆపైన రెండేసి కలిపితే 6. ఒక జానెడు దారం వదిలి కత్తిరించి, మిగిలిన ఆరు కుట్లలోంచి లాగి ముడేయండి. కొసను పెద్ద సూదితో బంతిలోంచి మూడు వేర్వేరు దిక్కులకు పోనిచ్చి మొదలంటా కత్తిరించండి. ఒకే దిక్కున పోనిస్తే పిల్లి పళ్లతో పీకేస్తుంది. బంతి నిమ్మకాయంత వస్తుంది, అంతకంటే చిన్నది చేయకండి.

ప్రశ్న: జంపఖానాల నేతలో మిగిలిన నూలు పనికొస్తుందా?
– కొత్తవాడ, వరంగల్

జవాబు: చక్కగా పనికొస్తుంది, అక్రిలిక్ ఊలు కంటే నయం. అక్రిలిక్ గోళ్లకు నూగు లేస్తుంది, నూలు అంత తొందరగా లేవదు. రంగు దిగుతుందేమో చూడండి: గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి తెల్లగుడ్డ మీద అద్దితే తెలుస్తుంది. దిగితే వాడకండి, పిల్లి దాన్ని నాకుతుంది. నూలు లావైతే 4.5 మి.మీ. సూదితో, 18 కుట్ల దగ్గరే పెంచడం ఆపి మూడు వరుసలు అల్లండి. మగ్గం దగ్గర మిగిలే పొట్టి తునకలను మాత్రం అతకొద్దు. ప్రతి అతుకూ ఒక ముడి, రెండు కొసలు.

ప్రశ్న: బంతిలో గజ్జె, పైన పూసల కళ్లు పెట్టొచ్చా? పెరట్లో కుప్పింట మొక్క ఉంది. దాని వేరు కోసం పిల్లులు వస్తాయి, అదీ లోపల పెట్టొచ్చా?
– జనగామ

జవాబు: పూసలు వద్దు, ఊడితే మింగుతుంది. కళ్లు కావాలంటే దారంతోనే కుట్టండి. చప్పుడు కావాలంటే గజ్జెను గుడ్డ ఉండ మధ్యలో పెట్టి కుట్టేయండి. కుప్పింట వేరుకు పిల్లులు ఎగబడే మాట నిజమే, కానీ ఆ మొక్కలో సైనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంది. నమిలే బొమ్మలో పెట్టకండి. ఎండిన క్యాట్‌నిప్ (పిల్లులు వాసనకు ఎగబడే పుదీనా జాతి మొక్క) ఆకు దొరికితే ఒక చెంచా చాలు. అన్ని పిల్లులూ దానికి స్పందించవు, చిన్న కూనలు అసలే స్పందించవు.

ప్రశ్న: పిల్లి తోక కింద దారం కొస వేలాడుతోంది. లాగేయొచ్చా?
– కాజీపేట

జవాబు: లాగొద్దు. లోపల రెండో కొస ఎక్కడో పట్టుకుని ఉంటే పేగు తెగుతుంది. నోట్లోంచి వేలాడినా ఇదే మాట. ఆముదం, నెయ్యి పట్టించకండి. వాంతులు, తిండి మానడం మొదలయ్యేదాకా ఆగకుండా ఈ రోజే పశువుల దవాఖానకు తీసుకుపోండి.