ఊరికే నేర్పిస్తామంటే నమ్మొచ్చా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మా ఆడపడుచు స్పాన్సర్ చేస్తే ఏళ్ళ తరబడి ఎదురుచూసి, ఈమధ్యే గ్రీన్ కార్డు మీద మసాచుసెట్స్ వచ్చాం. మావారు బీకాం, ఇప్పుడు గ్యాస్ స్టేషన్‌లో, అంటే పెట్రోల్ బంకులో, రాత్రి డ్యూటీ చేస్తున్నారు. నేను ఖమ్మంలో ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, ఇక్కడ డోనట్ షాపులో చేస్తున్నాను. మొన్న లైబ్రరీలో ఒక కాగితం చూశాను. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఫార్మసీ టెక్నీషియన్ శిక్షణ, ఫీజు లేదు అని ఉంది. మావారేమో ఊరికే ఇస్తామంటే ఏదో మెలిక ఉంటుంది, రేపు సిటిజన్‌షిప్‌కి అడ్డమైతే ఎలా అంటున్నారు. మరోపక్క తెలిసినవాళ్ళు చెప్పిన ఒక కన్సల్టెన్సీ క్యూఏ, అంటే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ట్రైనింగ్‌కి వేల డాలర్లు అడుగుతోంది. రెజ్యూమెలో ఎక్స్‌పీరియన్స్ కూడా వాళ్ళే పెడతారట. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లీ, ముందు ఆ కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేసి ఇన్ఫర్మేషన్ సెషన్‌కి పేరు రాయించుకోండి. కన్సల్టెన్సీకి మాత్రం ఒక్క డాలరు కూడా కట్టొద్దు. మీవారి అనుమానాన్ని నేను తప్పుపట్టను. కష్టపడి సంపాదించుకునేవాళ్ళకి ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి. అందుకే ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, పెట్టినవాళ్ళు బదులుగా ఏం అడుగుతారో కాస్త వివరంగా చెబుతాను. అది తెలిస్తే మెలిక ఉందో లేదో ఆయనే తేల్చుకోగలరు.

మనం ఉండే బోస్టన్ చుట్టుపక్కల సంగతే తీసుకుందాం. తక్కువ జీతాల మీద పనిచేసేవాళ్ళకి శిక్షణ ఇచ్చే సంస్థలు ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. వాటికి గ్రాంట్లు ఇచ్చే ఫౌండేషన్లూ ఉన్నాయి. చిక్కల్లా ఎవరి దారి వారిదే కావడం. ఒక ఫౌండేషన్ ఇంగ్లిష్ క్లాసులకి ఇస్తుంది, ఇంకొకటి కంప్యూటర్లకి ఇస్తుంది, మూడోది ఒక ఏడాది ఇచ్చి ఆపేస్తుంది. శిక్షణ సంస్థేమో ఒక్కొక్కరికీ ఒక్కో దరఖాస్తు, ఒక్కో రిపోర్టు రాసుకుంటూ కూర్చోవాలి. ఇంత చేసినా, క్లాసు పూర్తిచేసినవాళ్ళకి ఉద్యోగం వచ్చిందా, వస్తే ఏడాది తర్వాత అందులో ఉన్నారా, జీతం పెరిగిందా అని పట్టుకుని అడిగేవాళ్ళు తక్కువ.

ఈ పద్ధతి మార్చాలని 2003లో బోస్టన్ ఫౌండేషన్, మరికొన్ని ఫౌండేషన్లు, నగరం, రాష్ట్రం కలిసి స్కిల్‌వర్క్స్ పేరుతో ఉమ్మడి నిధి పెట్టాయి. మొదటి విడత ఐదేళ్ళకి కోటిన్నర డాలర్లు. ఏడాదికోసారి తెగిపోయే గ్రాంటుకీ ఐదేళ్ళ మాట ఇచ్చే గ్రాంటుకీ ఎంత తేడా ఉంటుందో శిక్షణ సంస్థలో పనిచేసే ఎవరినైనా అడగండి. టీచరుని నిలబెట్టుకోవచ్చు, ఆస్పత్రితోనో హోటల్‌తోనో నమ్మకం కుదుర్చుకోవచ్చు. ఇందులో నగరం వాటా కథ కూడా మీవారికి చెప్పండి, ఆయనకి నచ్చుతుంది. బోస్టన్‌లో భారీ వాణిజ్య భవనాలు కట్టేవాళ్ళు నగరానికి కొంత రుసుము కట్టాలని నిబంధన ఉంది. అందులో ఒక భాగం నైబర్‌హుడ్ జాబ్స్ ట్రస్ట్‌కి వెళ్తుంది. 1987 నుంచి ఆ ట్రస్టు నగరవాసుల శిక్షణకి ఖర్చు పెడుతోంది. అంటే ఆ అద్దాల మేడలు లేచినప్పుడల్లా, వాటిలో నేల తుడిచేవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కడానికి కొంత డబ్బు పక్కన పడుతుందన్నమాట.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ స్కిల్‌వర్క్స్ నిధి నుంచి గ్రాంటు కావాలంటే శిక్షణ సంస్థ ఒక్కటే వచ్చి అడిగితే కుదరదు. ఉద్యోగాలిచ్చేవాళ్ళని వెంటబెట్టుకుని రావాలి. మాకు ఫలానా పని తెలిసినవాళ్ళు కావాలి, ఈ సర్టిఫికెట్ ఉంటే ఇంటర్వ్యూకి పిలుస్తాం అని ఆస్పత్రో హోటలో ముందే కూర్చుని చెప్పాలి. క్లాసు దాన్నిబట్టి తయారవుతుంది. ఫీజు మీ దగ్గర తీసుకోకుండా, అంతా పూర్తయ్యాక మీ జీతం ఎంతైందో వాళ్ళు లెక్క రాసుకుని నిధికి చూపిస్తారు. మీవారు వెతుకుతున్న మెలిక ఇదే. వాళ్ళకి కావలసింది మీ ఫలితం. అందుకే సీటు ఇచ్చే ముందు మిమ్మల్ని అన్ని ప్రశ్నలు అడుగుతారు.

బోస్టన్‌తో పాటు మరికొన్ని నగరాల్లో ఇలాంటివి కుదిరాక, 2007లో ఫోర్డ్, ఆనీ కేసీ, వైన్‌బర్గ్, హిటాచీ వంటి ఫౌండేషన్లు కలిసి నేషనల్ ఫండ్ ఫర్ వర్క్‌ఫోర్స్ సొల్యూషన్స్ మొదలుపెట్టాయి. ఊళ్ళో ఫౌండేషన్లు తమ వాటా వేసుకుంటేనే జాతీయ నిధి నుంచి డబ్బు వస్తుంది. 2010లో ఒబామా ప్రభుత్వం సోషల్ ఇన్నోవేషన్ ఫండ్ కింద దీనికి 77 లక్షల డాలర్లు ఇచ్చినప్పుడు కూడా అదే షరతు, డాలరుకి డాలరు స్థానికంగా తేవాలి. కాబట్టి మీరు డాలస్‌లో ఉన్నా, మిల్వాకీలో ఉన్నా ఇలాంటి సంస్థ ఏదో ఒకటి దగ్గర్లో ఉండే అవకాశం ఎక్కువ.

ఫలితం ఉందా అంటే, ఉంది. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో మన బోస్టన్‌లోని జేవీఎస్ (జ్యూయిష్ వొకేషనల్ సర్వీస్), న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఐటీ పనులు నేర్పే పర్ స్కాలస్, మిల్వాకీలోని ఒక సంస్థ, ఈ మూడు శిక్షణ సంస్థలనీ పరీక్షించారు. దరఖాస్తు చేసినవాళ్ళని లాటరీ తీసి రెండు జట్లుగా చేశారు, ఒక జట్టుకి శిక్షణ ఇచ్చారు, రెండో జట్టుకి ఇవ్వలేదు. రెండేళ్ళలో శిక్షణ పొందినవాళ్ళు సుమారు 18 శాతం, అంటే దాదాపు 4,500 డాలర్లు ఎక్కువ సంపాదించారు. కోట్లు గడించిపెట్టే చదువు కాదిది. కానీ అద్దె కట్టడానికి ఇబ్బందిపడే ఇంట్లో ఆ డబ్బు విలువ ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

సిటిజన్‌షిప్ భయం పూర్తిగా వదిలేయండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు సిటిజన్‌షిప్‌కి దరఖాస్తు చేసినప్పుడు పబ్లిక్ చార్జ్ పరీక్ష, అంటే ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూడటం, ఉండదు. మిమ్మల్ని పోషించే బాధ్యత నాది అని మీ ఆడపడుచు సంతకం పెట్టిన అఫిడవిట్ సంగతి చాలామందికి టెన్షన్ పెడుతుంది. మీరు ఫుడ్ స్టాంప్స్, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా) లాంటివి తీసుకుంటే ఆ డబ్బు తిరిగి కట్టమని ప్రభుత్వం స్పాన్సర్‌ని అడగొచ్చు. ఉద్యోగ శిక్షణ ఆ లెక్కలోకి రాదు. ఆవిడకి కూడా ఈ మాట చెప్పండి, నిశ్చింతగా ఉంటుంది.

సెషన్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. గుడివాడ నుంచి వచ్చిన ఒక అక్కకి తోడుగా నేను వెళ్ళాను. ఆవిడ మోటెల్‌లో లాండ్రీ పని చేసేది. గదిలో ఇరవై కుర్చీలు, హైతీ, బ్రెజిల్, వియత్నాం వాళ్ళ మధ్య మేమిద్దరం. మొదట వివరాలు చెప్పారు, తర్వాత ఒక పేరా చదివి జవాబులు రాయమన్నారు, భిన్నాలు, శాతాలు లెక్కలిచ్చారు. ఆవిడ లెక్కలు గబగబా చేసేసింది, ఇంగ్లిష్ పేరా దగ్గర ఆగిపోయింది. నిరుడు తీసుకున్న జీతం స్లిప్పులు, ఇంటి అద్దె కాగితం, గ్రీన్ కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు చూశారు. తర్వాత ఒక కోచ్ పక్కకి పిలిచి, పిల్లల్ని స్కూలునుంచి ఎవరు తెస్తారు, కారు ఉందా, క్లాసు రోజుల్లో మోటెల్ షిఫ్టు ఎలా మార్చుకుంటారు అని అడిగింది. మనవాళ్ళకి ఇవి ఇంటి గుట్టు లాగుతున్నట్టు అనిపిస్తాయి. నిజానికి చదువు మధ్యలో మానేయడానికి కారణాలు ఎక్కువగా ఇవే. బస్సు పాసుకీ, పిల్లల్ని చూసుకోవడానికీ, కోచ్ జీతానికీ ప్రభుత్వ గ్రాంట్లలో తరచూ చోటుండదు. ఫౌండేషన్ల ఉమ్మడి డబ్బు అక్కడ అక్కరకొస్తుంది. ఆ అక్కని ముందు ఇంగ్లిష్ క్లాసులో వేసి, ఆ తర్వాత ఆస్పత్రి కోర్సులోకి తీసుకున్నారు.

ఫీజు లేదు గానీ ఖర్చు ఉంది, దాచను. చాలా కోర్సులు పగటిపూట, వారాల తరబడి ఉంటాయి. ఆ రోజుల్లో మీ డోనట్ షాపు జీతం తగ్గుతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు మీరు, మీరు స్థిరపడ్డాక ఆయన. ఉచితమని ప్రతిదీ మంచిదనీ అనుకోవద్దు. పోయినసారి బ్యాచ్‌లో ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, గంటకి ఎంత, ఏ ఏ షాపులు, ఆస్పత్రులు తీసుకుంటున్నాయి అని మీరు కూడా అడగండి. ఉమ్మడి నిధి డబ్బు తీసుకునే సంస్థ దగ్గర ఈ లెక్కలు సిద్ధంగా ఉంటాయి. నీళ్ళు నమిలితే ఇంకోటి చూసుకోండి. కన్సల్టెన్సీని కూడా ఇవే ప్రశ్నలు అడిగి చూడండి! లేని అనుభవం రాయించుకుని ఉద్యోగం సంపాదించినా, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో బయటపడితే ఉన్నపళంగా పోతుంది. ఐటీయే కావాలని మీవారికి గట్టిగా ఉంటే, పైన చెప్పిన పర్ స్కాలస్ లాంటి సంస్థలు ఫీజు లేకుండా అదే నేర్పిస్తాయి.

ఇది చదివే మిగతావాళ్ళకి రెండు ముక్కలు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ శిక్షణలు వర్తించవు, క్యాష్‌కి గ్యాస్ స్టేషన్ పనులు చేసి స్టేటస్ పాడుచేసుకోవద్దు. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వీసా వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) ఉన్నవాళ్ళు సీటు ఏ డబ్బుతో నడుస్తోందో ముందే అడగండి, ఎందుకంటే ఫెడరల్ డబ్బుకి ఒక నిబంధన, ఫౌండేషన్ డబ్బుకి ఇంకోటి ఉంటాయి.

నాకెప్పుడూ ఒకటి అనిపిస్తుంది. మన తెలుగువాళ్ళు చాలా ఉదారంగా ఇస్తారు. సొంతూరి బడికి గదులు కట్టిస్తారు, వాటర్ ప్లాంట్లు పెట్టిస్తారు. కానీ ఒకే మండలంలో నలుగురు దాతలు ఉంటే నలుగురూ వేరువేరుగా ఇస్తారు, తలా ఒక శిలాఫలకం. ఆ నలుగురూ ఒకచోట వేసి, దగ్గర్లోని ఫ్యాక్టరీనీ ఆస్పత్రినీ పిలిచి, మీకెలాంటి పనివాళ్ళు కావాలి అని అడిగి ఐటీఐ పిల్లలకి నేర్పిస్తే ఎంత బాగుంటుంది! ఇక్కడ అద్దెకి తడుముకుంటున్న కొత్త కుటుంబాలకైనా మన సంఘాలు ఆ పని చెయ్యాలి. ఈ మాట ఆష్లండ్ లక్ష్మీ గుడిలో కలిసినవాళ్ళకి చెబుతూనే ఉంటాను.

మీవారికి ప్రస్తుతానికి మాస్‌హైర్ కెరీర్ సెంటర్, అంటే ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి సాయపడే రాష్ట్ర కేంద్రం, చూపించండి. ఫ్రేమింగ్‌హామ్‌లో ఉంది, వూస్టర్‌లో ఉంది. బీకాం సర్టిఫికెట్లు ఎవాల్యుయేషన్ చేయించి, అంటే ఇక్కడి ఏ చదువుకి సమానమో రాయించి, తీసుకెళ్ళమనండి, అకౌంట్స్ పనుల వైపు దారి అక్కడ చెబుతారు. మీ డిగ్రీ కూడా ఎవాల్యుయేషన్ చేయించండి. ఫార్మసీ కోర్సులో సీటు రాకపోతే స్కూళ్ళలో పారాఎడ్యుకేటర్ (టీచరుకి సహాయకురాలు) ఉద్యోగానికి అది పనికొస్తుంది, మీకు పాఠం చెప్పిన అనుభవం ఎలాగూ ఉంది. ఎవరైనా నర్సింగ్ అసిస్టెంట్ కోర్సుకి డబ్బు కట్టమంటే ఆగండి. మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా), మెడికెయిడ్ తీసుకునే నర్సింగ్ హోమ్‌లో, అంటే వృద్ధుల్ని ఉంచి చూసుకునేచోట, మీకు ముందే ఉద్యోగం ఖాయమైతే ఆ కోర్సు ఫీజు మీ దగ్గర తీసుకోకూడదని ఫెడరల్ నిబంధన. సొంతంగా కట్టి, పూర్తయిన ఏడాదిలోపు అలాంటిచోట చేరితే ఆ డబ్బు రాష్ట్రం ద్వారా తిరిగి అడగొచ్చు, రసీదు పారేయకండి. సెషన్ నాడు ఇంగ్లిష్ పేరా చూసి కంగారుపడొద్దు, ముందు రోజు శాతాల లెక్కలు ఒకసారి తిరగేసుకుని వెళ్ళండి.