ఎనిమిదో తరగతి పాపకు నడుము నొప్పి: స్కూలు వాళ్లను ఏం అడగాలి?

మీ పాప సాయంత్రం ఇంటికి రాగానే నడుము నొప్పి అంటోందని, దానికి బ్యాగే కారణమా అని, కర్నూలులో వాళ్ల స్కూలు మీటింగులో ఏమని అడగాలని రాశారు. నేను అనంతపురం జిల్లాలో హైస్కూల్ పీఈటీని. రోజూ చూసేవే చెప్తాను.

ముందు బ్యాగు సంగతి. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదు. ఎనిమిదో తరగతికి 2.5 నుంచి 4 కిలోలు. మా పిల్లల బ్యాగులు విప్పించి చూస్తే ఆ రోజు పీరియడ్ లేని సబ్జెక్టుల లాంగ్ నోట్సులు, గైడ్లు, రెండు లీటర్ల నీళ్ల బాటిల్ ఉంటాయి. బాటిలే రెండు కిలోలు! మన ఎండలకు నీళ్లు వద్దనలేం. స్కూల్లో మంచి నీళ్లు దొరికితే అర లీటరు బాటిల్ చాలు. అందుకే మీటింగులో మొదట తాగే నీళ్ల గురించి అడగండి. మా అనంతపురం పల్లెల్లో నీళ్ల గురించి అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అవి ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద మచ్చలతో ఆగదు, వెన్ను, కీళ్లు కూడా బిగుసుకుపోతాయి.

బ్యాగు తగ్గించినా నొప్పి పోకపోవచ్చు, ఎందుకంటే పిల్లలు బ్యాగు మోసేది కాసేపే, బెంచీ మీద కూర్చునేది రోజంతా. పొడుగు పిల్లలు పొట్టి బెంచీల్లో ముడుచుకుని కూర్చుంటారు. కొందరికి కాళ్లు నేలకే ఆనవు. పరీక్షలు దగ్గరపడితే మొదట పోయేది గేమ్స్ పీరియడే. ఈ వయసు పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ పీరియడ్ లెక్కలకు ఇచ్చేయవద్దని తల్లిదండ్రులు గట్టిగా అడిగితే హెడ్‌మాస్టర్లు వింటారు, మేము అడిగితే అంతగా వినరు. మా దగ్గర టీచర్ మారే గ్యాప్‌లో క్లాస్ లీడర్ అందరినీ లేపి చేతులు పైకి చాపిస్తాడు. అర నిమిషం పని. "నిటారుగా కూర్చో" అని అరవడం కన్నా ఇదే నయం.

నొప్పి లేకపోయినా ప్రతి స్కూల్లో చూడాల్సింది ఒకటుంది. ఖోఖో ఆడే ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ముందుకు వంగినప్పుడు వీపు ఒక పక్క ఉబ్బుగా కనిపించింది. వాళ్లమ్మను పిలిపించాం, డాక్టరు ఎక్స్‌రే తీయించి స్కోలియోసిస్ అన్నారు. అంటే వెన్నెముక పక్కకు వంగి మెలి తిరగడం. వంకరగా కూర్చుంటావని ఇంట్లో ఆ పిల్లను అన్నాళ్లూ తిట్టారట. పాపం, అది కూర్చోవడం వల్ల వచ్చేది కాదు, బ్యాగు వల్లా కాదు. చాలామందిలో కారణమే తెలియదు. నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది, ఎక్కువ మందికి చికిత్స అవసరం పడదు. ఆడపిల్లల్లో వంపు పెరిగే అవకాశం ఎక్కువ. ఎత్తు పెరుగుతున్న వయసులోనే పట్టుకుంటే, అవసరమైన వాళ్లకు బ్రేస్‌తో, అంటే ఒంటికి తొడిగే గట్టి పట్టీతో, వంపు పెరగకుండా ఆపవచ్చు.

మీరే ఇంట్లో చూడండి. పాదాలు కలిపి, మోకాళ్లు వంచకుండా, చేతులు వేలాడేసి ముందుకు వంగమనండి. వెనక నిలబడి వీపు రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూడండి. భుజాలు, నడుము ఒంపులు కూడా. స్కూల్లో ఏడాదికోసారి ఇది పెట్టమని అడగండి. ఆడపిల్లలను లేడీ టీచరే, వేరే గదిలో, తల్లిదండ్రులకు చెప్పి చూడాలి. సర్కారు బడులకు ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) ఆరోగ్య బృందాలు వస్తాయి కదా, అక్కడ వాళ్లకూ చెప్పవచ్చు.

రాత్రి నిద్ర లేపేంత నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో తిమ్మిరి, వీటిలో ఏది ఉన్నా మీటింగు దాకా ఆగవద్దు. వెంటనే కర్నూలు పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించండి.