మూడు లక్షల సైకిల్: ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కొండాపూర్‌లో ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు చేతికి 1,45,000 రూపాయలు వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 52,000, పాప స్కూలు ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 55,000, సిప్‌లు 15,000. లోను ఇంకా 48 లక్షలు ఉంది. కంపెనీ ఇచ్చే 30 లక్షల గ్రూప్ ఇన్సూరెన్స్ తప్ప వేరే పాలసీ లేదు. బ్యాంకులో 1,60,000 ఉంది, ఈ మధ్యే బోనస్ 2,20,000 చేతికొచ్చింది. ఏడాదిగా 18,000 పెట్టి కొన్న గేరు సైకిల్ తొక్కుతున్నాను. వారంలో రెండు రోజులు ఓఆర్‌ఆర్ పక్కన ట్రాక్ మీద, ఆదివారాలు గండిపేట వైపు మట్టిదారుల్లో, అప్పుడప్పుడు ఖాజాగూడ బండల మీద, ఏడాదికి రెండుసార్లు అనంతగిరి. ఇప్పుడు మంచి మౌంటెన్ బైక్ కొనాలని మూడు చూశాను. మొదటిది 72,000: స్ప్రింగ్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే భాగం), 18 గేర్లు. రెండోది 1,38,000: ఎయిర్ ఫోర్క్, షిమానో కంపెనీ డియోర్ రకం 12 స్పీడ్ గేర్లు, ట్యూబ్‌లెస్ చక్రాలు, వెనక సస్పెన్షన్ ఉండదు. మూడోది 2,85,000: ముందూ వెనకా సస్పెన్షన్, షిమానోలోనే ఇంకా పైరకం ఎక్స్‌టీ డిరైలర్ (గేరు మారేటప్పుడు చైన్‌ని పక్కకు జరిపే భాగం). నా మనసు మూడోదాని మీదే ఉంది. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు, ఒకేసారి కడితే 8 శాతం తగ్గిస్తారట. ‘మూడు లక్షలకు సైకిలా? బండే వస్తుంది కదా’ అంటోంది మా ఆవిడ. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ పోలిక సరైంది కాదు గానీ, ఆవిడ అనుమానం సరైందే. బండి ఆఫీసుకు పోవడానికి, సైకిల్ మీ ఒంటికీ సరదాకీ. రెండిటినీ ఒకే తక్కెడలో వేయలేం. కానీ ‘ఇంత పెట్టి దీంతో ఏం చేస్తావు?’ అన్న ప్రశ్న ఆ మాటలోనే ఉంది. దానికి మీ ఉత్తరంలోనే సగం జవాబు దొరికింది.

ముందు ఈఎంఐ సంగతి. అన్నీ పోగా నెలకు మీ చేతిలో మిగిలేది 23,000. మూడో సైకిల్ ఈఎంఐ 23,750. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూసుకున్నారా? ఏడాది పాటు ప్రతి నెలా 750 తక్కువ పడుతుంది. ఈలోగా పాపకు జ్వరమొచ్చినా, ఊళ్లో పెళ్లి పడినా క్రెడిట్ కార్డే గతి.

ఇక నో కాస్ట్ అన్న మాట. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటుంది. మీ విషయంలో ఎక్కడుందో షాపువాళ్లే చెప్పేశారు: ఒకేసారి కడితే 8 శాతం తగ్గింపు. అంటే సైకిల్ అసలు ధర 2,62,200. మీరు ఈఎంఐల్లో కట్టేది 2,85,000. తేడా 22,800. నెలనెలా అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి లెక్కేస్తే ఏడాదికి 15, 16 శాతం వడ్డీ పడుతుంది. దీనిపైన ప్రాసెసింగ్ ఫీజు, బిల్లులో వడ్డీగా చూపించే మొత్తం మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటాయి. ఇంటి లోనుకంటే ఖరీదైన అప్పు ఇది, అదీ సైకిల్ కోసం.

అన్నిటికంటే నన్ను కంగారు పెట్టింది ఇన్సూరెన్స్. 48 లక్షల లోను, 30 లక్షల కవర్, అదీ ఉద్యోగం ఉన్నంతకాలమే. సైకిల్ ఏదైనా కొనండి, ఎప్పుడైనా కొనండి, టర్మ్ పాలసీ మాత్రం ఈ నెలే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా లేదు. బండల మీద సైకిల్ తొక్కే మనిషికి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కూడా ఉంటే మంచిది. దీని గురించి ఇంతకంటే చెప్పను, మీకు తెలియంది కాదు.

ఇప్పుడు సైకిల్ దగ్గరికి వద్దాం. నేనూ ఏడేళ్లుగా తొక్కుతున్నాను కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను.

నా మొదటి మౌంటెన్ బైక్ నేను మోసపోయి కొన్నది. ఎవరో మోసం చేశారని కాదు, నన్ను నేనే చేసుకున్నాను. వెనక డిరైలర్ మీద ‘ఎక్స్‌టీ’ అన్న అక్షరాలు చూసి మురిసిపోయాను. ఇంటికొచ్చాక చూస్తే షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట) రెండు మెట్లు కింది రకం, చైన్, క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి) ఇంకా కింది రకం. కళ్లకు కనిపించే చోట ఖరీదైన భాగం ఒకటి పెట్టి మిగతా చోట్ల కోసేయడం సైకిళ్ల వ్యాపారంలో మామూలే. గేరు వేసినప్పుడు వేలికి తెలిసేదంతా షిఫ్టర్ పనితనమే, డిరైలర్‌ది తర్వాతి వంతు. మీ మూడో సైకిల్ గురించి కూడా మీరు ఎక్స్‌టీ డిరైలర్ అనే రాశారు తప్ప షిఫ్టర్ ఏమిటో, బ్రేకులు ఏమిటో రాయలేదు. అడగండి.

షిమానో వరుస కింది నుంచి పైకి టోర్నీ, ఆల్టస్, అసేరా, అలివియో, డియోర్, ఎస్‌ఎల్‌ఎక్స్, ఎక్స్‌టీ, ఎక్స్‌టీఆర్. కింది మెట్లలో చాలావాటి బదులు 2023 నుంచి క్యూస్ అనే పేరుతో కొత్తవి వస్తున్నాయి. 2020లో డియోర్‌కు కూడా 12 స్పీడ్ వచ్చాక నా మటుకు ఈ ఆట మారిపోయింది. డియోర్ నుంచి ఎక్స్‌టీఆర్ దాకా 12 స్పీడ్ భాగాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి. డియోర్ 10-51 (చిన్న చక్రానికి 10 పళ్లు, పెద్దదానికి 51) క్యాసెట్‌కూ ఎక్స్‌టీ క్యాసెట్‌కూ బరువులో తేడా సుమారు 120 గ్రాములు. మనం బయల్దేరే ముందు తాగే టీ అంత. పైమెట్టులో గేరు ఇంకాస్త స్ఫుటంగా పడుతుంది, నిజమే. కానీ చైన్, క్యాసెట్ అరిగిపోయే వస్తువులు. గండిపేట దారుల్లో మొరం దుమ్ము, రాతి పొడి నూనెతో కలిసి చైన్‌ని గరుకు కాగితంలా అరగదీస్తాయి. ఎలాగూ అరిగి మార్చాల్సిన దానికి పైమెట్టు ధర ఎందుకు? పోటీల్లో దిగేవాళ్ల లెక్క వేరు.

డబ్బు పెట్టాల్సింది తర్వాత మార్చలేని వాటి మీద. అంటే ఫ్రేమ్, అది ఏ కొలతల్లో చేశారన్నది. నా మొదటి సైకిల్ హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఫోర్క్ గొట్టం దూరే ఫ్రేమ్ భాగం) పైనుంచి కిందికి ఒకే వెడల్పు, పాత తరహాది. రెండేళ్ల తర్వాత మంచి ఫోర్క్ వేద్దామంటే, మంచి ఫోర్కులన్నీ కింద వెడల్పైన టేపర్డ్ స్టీరర్‌తోనే (అందులో దూరే గొట్టం) వస్తున్నాయి, దానికి పట్టవు. సైకిలే అమ్మాల్సి వచ్చింది. షాపులో మూడు సంగతులు చూడండి: హెడ్ ట్యూబ్ టేపర్డా కాదా, వెనక చక్రం ఇరుసు మీటతో విప్పే క్విక్ రిలీజా లేక ఫ్రేమ్ గుండా దూరే 148 మిల్లీమీటర్ల బూస్ట్ త్రూ యాక్సిలా, డ్రాపర్ పోస్ట్ (తొక్కుతూనే సీటు దించుకునే గొట్టం) కేబుల్ వెళ్లడానికి ఫ్రేమ్‌లో దారి ఉందా. మీరు చూసిన మొదటి సైకిల్‌కు ఇవి లేకపోతే 72,000 చౌక కాదు. ఏడాదిన్నరలో మళ్లీ కొనిపిస్తుంది.

వెనక హబ్ (చక్రం మధ్య భాగం) కూడా చూడాలి, ఇది చాలామందికి తట్టదు. అన్ని 12 స్పీడ్‌లూ ఒకటి కావు. షిమానోకు పోటీ కంపెనీ అయిన స్రామ్ ఎస్‌ఎక్స్, ఎన్‌ఎక్స్ క్యాసెట్లు 11 పళ్ల నుంచి మొదలై పాత తరహా హబ్ మీద కూర్చుంటాయి. డియోర్ 10-51కి మైక్రో స్ప్లైన్ అనే రకం ఫ్రీహబ్ (హబ్‌లో క్యాసెట్ కూర్చునే భాగం) కావాలి. చౌక హబ్‌కు ఆ ఫ్రీహబ్ దొరక్కపోతే క్యాసెట్ మార్చాలన్న కోరిక చక్రం మార్చే ఖర్చుగా తేలుతుంది. మీరు చెప్పిన రెండో సైకిల్‌లో డియోర్ క్యాసెట్టే ఉంటే ఈ బెడద లేదు. డియోర్ అని చెప్పి క్యాసెట్ వేరేది పెట్టారేమో చూసుకోండి.

ఫోర్క్ విషయంలో స్ప్రింగ్, ఎయిర్ తేడాకు డబ్బు పెట్టొచ్చు. ఎయిర్ ఫోర్క్‌ని చిన్న పంపుతో మీ బరువుకు తగ్గట్టు సరిచేసుకోవచ్చు. స్ప్రింగ్ ఫోర్క్ 60 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ ఒకటే. బ్రేకుల్లో రోటర్ (ప్యాడ్లు పట్టే డిస్క్) మీద సన్న అక్షరాల్లో ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని చెక్కి ఉందేమో చూడండి. ఉంటే వేడికి బాగా నిలిచే మెటల్ ప్యాడ్లు వేయకూడదు. అనంతగిరి దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అయితే రోటర్ తర్వాతైనా మార్చుకోవచ్చు, దానికోసం బేరం వదులుకోనక్కర్లేదు.

మన ఊళ్లో నేను కళ్లు మూసుకుని డబ్బు పెట్టమనేది ట్యూబ్‌లెస్ చక్రాలకు. చెరువు గట్లన్నీ సర్కారు తుమ్మ ముళ్లే. ట్యూబుతో పోతే ఆదివారం సగం పంక్చర్లకే సరి. ట్యూబ్‌లెస్‌లో సీలెంట్ (టైరులో పోసే ద్రవం) ముల్లు గుచ్చిన రంధ్రాన్ని అక్కడికక్కడే మూసేస్తుంది. ఈ ఎండలకు అది ఎండిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి పోసుకోవాలి, అంతే.

వెనక సస్పెన్షన్ మీకు అవసరమా? ఓఆర్‌ఆర్ పక్కన ఆ 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ నున్నటి దారి, అక్కడ అది బరువే తప్ప లాభం లేదు. గండిపేట మట్టిదారులకు ముందు ఫోర్క్ చాలు. మిగిలింది ఖాజాగూడ బండలు, ఏడాదికి రెండు అనంతగిరిలు. వాటికోసం వెనక షాక్ సర్వీసు, పివట్ బేరింగుల (వెనక సస్పెన్షన్ కీళ్ల) ఖర్చు ఏటా భరించాలి. ఒక్క ముందు ఫోర్క్‌కే వాటిని తయారుచేసే రాక్‌షాక్స్ కంపెనీ ప్రతి 50 గంటలకోసారి కింది గొట్టాలు విప్పి నూనె మార్చమంటుంది.

గంటల మాట వచ్చింది కాబట్టి అసలు లెక్క ఇదే. మే నెల ఎండలూ, వానలూ తీసేసి ఏడాదికి 44 వారాలు, వారానికి 3 గంటలు అనుకుందాం. నాలుగేళ్లకు 528 గంటలు. రెండో సైకిల్‌కు ధర, ఏటా 9,000 మెయింటెనెన్స్ కలిపి 1,74,000. తర్వాత 55,000కు అమ్మారనుకుంటే పోయేది 1,19,000, అంటే గంటకు 225 రూపాయలు. మూడోదానికి మెయింటెనెన్స్ ఏటా 20,000, అమ్మితే 1,10,000 అనుకుంటే గంటకు 483. మెయింటెనెన్స్, అమ్మకం అంకెలు నా అంచనాలే, మీరు మార్చుకుని చూడండి. కానీ వారానికి ఒక్క గంటే తొక్కితే రెండో సైకిల్ కూడా గంటకు 676 అవుతుంది. సైకిల్ ఖరీదైనదా కాదా అన్నది ధర చీటీ కంటే మీ ఫోన్‌లోని యాప్ బాగా చెబుతుంది. గత ఆరు నెలల్లో నిజంగా ఎన్ని గంటలు తొక్కారో చూసుకోండి. మీ ఆవిడకూ అదే చూపించండి.

నా సలహా రెండో సైకిల్, అదీ ఎనిమిది నెలల తర్వాత. బోనస్‌లో 1,60,000 అత్యవసర నిధిలో వేయండి. ఉన్నదానితో కలిపి 3,20,000, అంటే ఈఎంఐతో సహా మూడు నెలల ఖర్చు. మిగిలిన 60,000 సైకిల్‌కు. నెలనెలా మిగిలే 23,000లో 13,000 సైకిల్‌కు రికరింగ్ డిపాజిట్, 8,000 అత్యవసర నిధికి, 2,000 టర్మ్ ప్రీమియానికి. సిప్‌లు కదపొద్దు. ఎనిమిది నెలలకు సైకిల్ ఖాతాలో 1,64,000 ఉంటుంది. 1,38,000 సైకిల్‌కు పోను 26,000తో మంచి హెల్మెట్, లైట్లు, షాక్ పంపు, సీలెంట్, గట్టి తాళం వస్తాయి. కొత్తగా కొనేవాళ్లు మర్చిపోయేది ఈ ఖర్చే.

షాపువాళ్లు చెప్పిన ధర ఎప్పటిదో కూడా అడగండి. సైకిళ్ల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 1,38,000లో పాత 12 శాతమే ఉంటే కొత్త ధర 1,29,375 కావాలి, 8,625 మిగులుతుంది. ఇంటి సామానుకు ఇచ్చే హౌస్‌హోల్డర్ పాలసీల్లో కొన్నిటికి సైకిల్ విభాగం కూడా ఉంటుంది. దొంగతనానికి వర్తిస్తుందా, ఎంత వరకు అన్నది చదువుకుని తీసుకోండి.

పాత సైకిల్ మాత్రం అమ్మకండి. దానికి వచ్చేది నాలుగైదు వేలకు మించదు. వానాకాలంలో, కూరగాయలకు, మెట్రో స్టేషన్ దాకా వెళ్లడానికి అది కావాలి. లక్షన్నర సైకిల్‌ని రైతు బజారు బయట తాళం వేసి లోపల టమాటాలు ఏరడం మీ వల్ల కాదు, నేను ప్రయత్నించి చూశాను.